సైకిల్‌కి ఒంటికాలు ఫోర్కా, మామూలు ఫోర్కా?

ముందు చక్రాన్ని ఒక్క వైపు నుంచే పట్టుకునే ఫోర్కు చూడగానే ఎవరికైనా వచ్చే డౌటు, విరిగిపోదా అని. విరగదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో బ్రిటన్ సైక్లిస్టు క్రిస్ బోర్డ్‌మన్ స్వర్ణం గెలిచిన లోటస్ సైకిల్‌ది ఇలాంటి ఫోర్కే, కానెన్‌డేల్ కంపెనీ ఒంటికాలు ఫోర్కు లెఫ్టీతో జనం కొండదారుల్లోనూ తొక్కుతున్నారు.

బరువు: మామూలు ఫోర్కులో యాక్సిల్‌కి (చక్రం ఇరుసుకి) రెండు చివర్లా ఆధారం ఉంటుంది, సన్నగా ఉన్నా చాలు. ఒంటికాలులో అది గోడలోంచి పొడుచుకొచ్చిన బాల్కనీ లాంటిది, వంచే ఒత్తిడంతా మొదట్లోనే పడుతుంది కాబట్టి అక్కడ లావుగా చేయాలి, బేరింగులు పెద్దవి వేయాలి, చక్రం ఒక పక్కకి ఉండటం వల్ల కాలు మెలితిరగకుండా కూడా చూసుకోవాలి. ఒక కాలు తీసేస్తే బరువు సగమవుతుందనే లెక్క ఇక్కడ కుదరదు.

పంక్చర్: ఒంటికాలుదే గెలుపు. చక్రం విప్పకుండానే ట్యూబు మార్చేయొచ్చు. కానీ లెఫ్టీ చక్రం పూర్తిగా విప్పాలంటే ముందు బ్రేకు కాలిపర్ (డిస్కుని నొక్కి పట్టే భాగం) తీయాలి, అదో చిరాకు.

బ్రేకు: మామూలుదానికి చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకైనా డిస్కైనా సరే. లెఫ్టీకి డిస్కే.

స్పేర్లు: మామూలు చక్రం ఏ షాపులోనైనా దొరుకుతుంది. ఒంటికాలుకి దాని హబ్బే (చక్రం నడిమి భాగం) కావాలి, తెప్పించుకునే ఓపిక, డబ్బు రెండూ ఉండాలి.

రోజువారీ తొక్కడానికి, దూర ప్రయాణాలకి నా ఓటు మామూలు ఫోర్కుకే. మడత సైకిలైతే వేరే మాట: స్ట్రైడాలో చక్రాలు రెండూ ఒక్క వైపే బిగించి ఉండటం వల్ల మడిస్తే పక్కపక్కన చక్కగా చేరతాయి, అక్కడ ఒంటికాలుకి పెట్టిన ఖర్చు దండగ కాదు.