మెదడుకు కాపలా: రాజ్యాంగ సవరణ మేలా, కోర్టు తీర్పు మేలా?

మెదడును చదివే సాంకేతికత ప్రభుత్వాల చేతికి వస్తున్నప్పుడు, చిలీలా రాజ్యాంగాన్ని సవరించుకోవడం మేలా, మన సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన సెల్వి తీర్పు సరిపోతుందా అని పాఠకులు పదేపదే అడుగుతున్నారు.

మెదడు పనితీరును, దాని నుంచి లభించే సమాచారాన్ని చట్టం ప్రత్యేకంగా కాపాడాలని చిలీ 2021లో తన రాజ్యాంగంలో రాసుకుంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు, ఒక మాజీ సెనేటర్ మెదడు తరంగాల సమాచారాన్ని తొలగించాలని, ఆ తరంగాలను నమోదు చేసే పరికరాన్ని అమ్మిన ఇమోటివ్ సంస్థను ఆదేశించింది. ఇది గొప్ప ముందడుగే. అయితే కొనుక్కున్న పరికరాన్ని తీసి పక్కన పెట్టే స్వేచ్ఛ వినియోగదారుడికి ఉంటుంది; పోలీసు కస్టడీలో ఉన్న మనిషికి ఉండదు. నా దృష్టిలో ఈ రెండు మార్గాలనూ తూచవలసింది ఇక్కడే.

బ్రెయిన్ మ్యాపింగ్‌లో తలకు ఎలక్ట్రోడ్లున్న టోపీ తొడిగి, నేరానికి సంబంధించిన వాక్యాలు వినిపిస్తారు. ఆ మనిషి ఒక్క మాటా మాట్లాడనక్కర లేదు, తరంగాలే అతని అనుభవాన్ని బయటపెడతాయని పరీక్ష జరిపేవారు చెబుతారు. 2008లో పుణె కోర్టు ఒక హత్య కేసులో ఇలాంటి ఫలితాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని శిక్ష విధించింది. 2010 మే 5న సెల్వి కేసులో సుప్రీంకోర్టు, సమ్మతి లేకుండా ఈ పరీక్షను గానీ, మత్తుమందు ఇచ్చి ప్రశ్నించే నార్కో, అబద్ధాన్ని పట్టేందుకు వాడే పాలీగ్రాఫ్ పరీక్షలను గానీ జరపరాదని తేల్చింది. నోరు విప్పని మనిషి మెదడు నుంచి సమాచారం రాబట్టడం కూడా అతనిచేత బలవంతంగా సాక్ష్యం చెప్పించడమేనని గుర్తించినందుకే, పౌరుడిని నేరుగా రాజ్యం నుంచి కాపాడే ఈ తీర్పు వైపే నేను మొగ్గుతాను.

దీని బలహీనత సమ్మతిలో ఉంది. మేజిస్ట్రేటు ఎదుట, న్యాయవాది సహాయంతో సమ్మతి నమోదు కావాలన్నది నిజమే. కానీ తిరిగి పోలీసుల మధ్యకే వెళ్లవలసిన నిరుపేద 'సరే' అంటే దాన్ని స్వేచ్ఛగా అన్నమాటగా నేను ఒప్పుకోలేను. పైగా సమ్మతితో జరిగిన పరీక్ష ఫలితం సాక్ష్యం కాకపోయినా, దాని ఆధారంగా దొరికిన వస్తువు సాక్ష్యంగా చెల్లుతుంది గనుక ఒత్తిడికి కారణం మిగిలే ఉంది. మెదడును ప్రేరేపించి ప్రవర్తనను మార్చే ప్రయత్నాల విషయంలో మాత్రం, మానసిక సమగ్రతను కూడా పేర్కొన్న చిలీ రాజ్యాంగ వాక్యమే విశాలమైనది.



సెల్వి తీర్పు ఉన్నా, ఒక కేసులో నిందితులందరికీ నార్కో పరీక్షలు జరుపుతామన్న పోలీసుల మాటను పట్నా హైకోర్టు అంగీకరిస్తే, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేయవలసి వచ్చింది. అందుకే సెల్వి తీర్పును పార్లమెంటు చట్టంగా మార్చి, కస్టడీలో తీసుకున్న సమ్మతి చెల్లదని అందులో రాయాలి. నిర్దోషినని చూపుకోవడానికి తానే పరీక్ష కోరే నిందితుడికి, విచారణలో తగిన దశలో కోర్టు అనుమతించవచ్చని అదే 2025 తీర్పు చెబుతోంది. ఆ దారి చాలు.