చదవడం రాని పిల్లవాడికి ట్యూషనా, బడి మార్పా, బడిలోనే ప్రత్యేక బోధనా?

పోయిన ఆగస్టులో మా తమ్ముడు కావలి నుంచి ఫోను చేసి, "అక్కా, వాడికి ట్యూషన్ పెట్టించమంటావా, బడి మార్చేయమంటావా?" అని అడిగాడు. వాడంటే మూడో తరగతి చదివే నా మేనల్లుడు. సింగరాయకొండ దగ్గర ఒక పల్లె బడిలో 22 ఏళ్లుగా చిన్న తరగతులకు చెబుతున్నాను. ఏటా మొదటి మార్కులు ఇంటికి చేరగానే తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఇదే. మా ఇంటి పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి, ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన జవాబును మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవలసి వచ్చింది.

ముందు వాడికి ఏది వచ్చో, ఏది రాదో చూద్దామని ఆ ఆదివారమే కావలి వెళ్లాను. తెలుగు వాచకం తెరిచి పాఠం చదవమంటే గడగడా అప్పజెప్పాడు. కళ్లు మాత్రం పుస్తకం మీద లేవు. బొమ్మను చేత్తో మూసి, నడుమ ఉన్న 'రాత్రి' అన్న మాట మీద వేలు పెట్టి చదవమన్నాను. చాలాసేపు చూసి "రాతి... ర" అన్నాడు. గుణింతం కూడా అంతే. వరుసగా అడిగితే తడుముకోకుండా చెబుతాడు. వరుస తప్పించి 'కొ' ఒక్కటే చూపిస్తే, మనసులో క, కా, కి అనుకుంటూ అక్కడిదాకా రావాలి. మూడేళ్లుగా వాడు చదువుతున్నాడనే ఇంట్లో అందరూ అనుకున్నారు. వాడు విన్నది గుర్తుపెట్టుకుంటున్నాడు, అంతే.

వాడు చేసిన తప్పులో తెలివితక్కువతనం ఏమీ లేదు. 'త్రి' రాసేటప్పుడు గుడి త మీద పెడతాం, పలికేటప్పుడు మాత్రం అది ర తర్వాత వస్తుంది. కింద ఉన్న ఒత్తును ముందు కలుపుకుని, పైన ఉన్న గుడిని చివర పలకాలి. పైగా త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. తప్పు చదివిన ఆ క్షణంలో పక్కనున్నవాళ్లు వేలు పెట్టి చూపిస్తేనే ఈ కిటుకు పిల్లల తలకెక్కుతుంది. మర్నాడు నోటుబుక్కులో ఎర్ర సిరాతో కొట్టేస్తే ఎక్కదు. అందుకని ఏ దారి మేలని ఎవరు అడిగినా నేను చూసేది, ఆ దారిలో రోజుకు ఎన్ని నిమిషాలు పిల్లవాడు తన నోటితో పైకి చదువుతాడు, ఎవరు దగ్గర కూర్చుని వింటారు అన్నదే. ఫీజు, బడి పేరు ఆ తర్వాత మాట్లాడుకుందాం.

వాళ్ల వీధిలోని ట్యూషన్‌కు వెళ్లి ఒక సాయంత్రమంతా కూర్చున్నాను. ఐదున్నర నుంచి ఏడున్నర దాకా, ఒకటి నుంచి ఏడో తరగతి వరకు 18 మంది పిల్లలు. చెప్పే ఆమె ఎంతో ఓపిక గలది. కాని బడి ఇచ్చిన హోంవర్కు చేయించడానికే ఆ రెండు గంటలూ చాలవు. హోంవర్కులో ఎక్కువ భాగం చూసి రాయడమే. చదవడం రాని పిల్లలు కూడా చూసి ముత్యాల్లా రాయగలరు. వాళ్లకు అది ముగ్గు వేసినట్టే. నోటుబుక్కు నిండుతుంది, ఇంట్లో పెద్దలకు భరోసా కలుగుతుంది, చదువు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ సాయంత్రం అక్కడున్న చిన్న పిల్లల్లో ఒక్కరు కూడా ఒక్క వాక్యం పైకి చదవలేదు. నలుగురైదుగురికి మించకుండా కూర్చోబెట్టి, రోజూ ఒక్కొక్కరి చేత చదివించే ట్యూషన్ దొరికితే నిశ్చింతగా పంపవచ్చు. చేర్చే ముందు ఒకరోజు వెళ్లి చూడండి.

మా తమ్ముడి మనసు బడి మార్చడం వైపే మొగ్గింది. ఊళ్లోనే ఇంకా పెద్ద బడి, ఇంగ్లీషు బాగా చెబుతారని పేరు. నాకు ఇందులోనే ఎక్కువ భయం. కొత్త బడి వాడిని మూడో తరగతి పాఠాల ముందే కూర్చోబెడుతుంది. ఒకటో తరగతిలో ఆగిపోయిన మెట్టు దగ్గరికి ఎవరూ వెనక్కి తీసుకెళ్లరు. కొత్త స్నేహాలు, కొత్త పుస్తకాలు, కొత్త భయాలు కలిసి అర్ధ సంవత్సరం గడిచిపోతుంది.

భాష సంగతి అంతకన్నా పెద్దది. వాడు ఇంగ్లీషు మాట తప్పు చదివితే ఇంట్లో పట్టుకునేవాళ్లు లేరు. తెలుగు తప్పు చదివితే అక్షరం రాని మా అమ్మ కూడా పట్టుకుంటుంది. తెలుగు రాసినట్టే పలుకుతాం కాబట్టి, తప్పు చదివితే చాలాసార్లు అర్థం లేని మాట వస్తుంది. 'రాతిర' అంటే ఆమెకు అర్థం కాదు, "అదేమి మాటరా, మళ్లీ చూడు" అంటుంది. ఇంతకన్నా మంచి పరీక్ష ఏ బడీ పెట్టలేదు. అందుకే చదవడం ముందు తెలుగులో కుదుటపడాలి, ఇంగ్లీషు దాని మీద నిలబడుతుంది అని నా గట్టి నమ్మకం. మన ప్రభుత్వ బడుల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడికి కూడా అవి ఇంట్లో పనికొస్తాయి.

మూడో దారి, బడిలోనే స్థాయిని బట్టి చెప్పడం. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఎన్నో రాష్ట్రాల్లో నడిపిన పద్ధతి ఇది. మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల్లోకీ వచ్చింది. మా బడిలో రోజూ గంటసేపు 3, 4, 5 తరగతుల పిల్లలను కలిపేస్తాం. అక్షరం దగ్గర ఆగినవాళ్లు ఒక గుంపు, పదం దగ్గర ఆగినవాళ్లు ఒకటి, పేరా చదవగలిగేవాళ్లు ఇంకొకటి, కథ చదివేవాళ్లు మరొకటి. ఆ గంటలో సిలబస్ ఊసు ఉండదు. ఎక్కడ ఆగారో అక్కడి నుంచే మొదలు. నేను చూసిన వాటిలో పిల్లలు నోరు విప్పి ఎక్కువ చదివేది ఆ గంటలోనే.

దీనిలోనూ లోట్లున్నాయి. ఐదు తరగతులకూ ఒక్కరే ఉపాధ్యాయులున్న బడిలో నాలుగు గుంపులను చూసుకోవడం ఎవరి తరమూ కాదు. మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవాలంటే ఐదో తరగతి పిల్లవాడు సిగ్గుతో కుంచించుకుపోతాడు, వాడికి చిన్నవాళ్లకు కార్డులు పంచే పని ఇచ్చి పక్కన నిలబెట్టుకోవాలి. పొగాకు ఆకు కోసే రోజుల్లో తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలు నెల తర్వాత వస్తే మళ్లీ వెనక్కి వెళ్లాలి. ఇన్ని ఉన్నా, దగ్గర్లో ఇలా జరిగే బడి ఉంటే నేను ముందు దానికే ఓటు వేస్తాను.

అదే తరగతిలో మరో ఏడాది కూర్చోబెట్టడం గురించి కొందరు అడుగుతారు. నిరుడు పని చేయని పద్ధతినే మళ్లీ చేస్తే ఏమి లాభం? ఫోను ఆప్‌లు మనిషి లేని చోట కొంత నయం, అంతవరకే.

మా మేనల్లుడు చదివేది ప్రైవేటు బడి. అక్కడ గుంపులు లేవు, సిలబస్ ఆపలేమన్నారు. అయినా బడి మార్చవద్దన్నాను. వాళ్ల తరగతి టీచరును కలిసి ఒకటే అడిగాను: వాడిని ఉన్నట్టుండి నిలబెట్టి చదివించవద్దు, రేపు చదవవలసిన రెండు వాక్యాలు ఈరోజే చెప్పి పంపండి. ఆమె వెంటనే ఒప్పుకుంది. మార్కాపురం పలక ఒకటి కొనిచ్చాను. పలక మీద తప్పు చెరిపేస్తే మిగలదు, పిల్లలకు అది ఎంత ధైర్యమో. రోజుకు ఒక్క ఒత్తు, దానితో నాలుగు మాటలు. మా తమ్ముడు రాత్రిళ్లు రొయ్యల గుంటల దగ్గర ఉంటాడు కాబట్టి, అన్నం తిన్నాక 20 నిమిషాలు వాడు నానమ్మకు చదివి వినిపించాలన్నది ఏర్పాటు.

ఈ దారుల్లో దేనినైనా పట్టుకునే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. నల్లబల్ల కనిపించని పిల్లవాడిని ఏళ్ల తరబడి మొద్దు అన్న ఇళ్లను నేను చూశాను. ఇలా రెండు మూడు నెలలు రోజూ చదివించినా అక్షరాలు నిలవకపోతే, నిన్న వచ్చిన మాట ఈరోజు కొత్తగా కనిపిస్తుంటే, అది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది కావచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. మూడో తరగతి లేదా ఎనిమిదేళ్లు, ఏది ముందైతే అప్పుడు బడిలో పరిశీలించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాల్లో ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, వాళ్లను కలవడానికి మొహమాటపడవద్దు. అక్కడికి వెళితే పిల్లవాడి మీద ముద్ర పడుతుందని వెనకాడే తల్లులకు నేను చెప్పేది, ఆ ముద్ర తరగతి గదిలో ఎప్పుడో పడింది, సాయమే ఇంకా అందలేదు అని.

మా వాడికి ఆ అవసరం కనిపించలేదు. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒంటి ఒత్తు మాటలు ఆగకుండా చదివాడు. 'స్త్రీ' లాంటి చోట ఇంకా నిలబడిపోతున్నాడు, నిలబడి ఆలోచిస్తున్నాడు కాబట్టి నాకు దిగులు లేదు. వేసవిలో మా అమ్మ రెండు నెలలు నా దగ్గర ఉంటుంది, అప్పుడు వినేదెవరని మా తమ్ముణ్ని అడిగాను. మా మరదలు తన కుట్టుమిషన్ పక్కన వాడికి స్టూలు వేస్తానంది. మిషన్ చప్పుడులో చదువు వినపడదు, ఆ 20 నిమిషాలు అది ఆపి కూర్చోమని చెప్పి వచ్చాను.