చారల నిమ్మ మొలకా, పచ్చ మొలకా: ఏది ఉంచుకోవాలి?

నిమ్మకాయ పిండుకున్నాక గింజలు కుండీలో గుచ్చడం మా కోనసీమ ఇళ్లలో మామూలే. మొలకలు లేచాక నన్ను అందరూ అడిగేది ఒకటే. "పిన్నిగారూ, ఒకదానికి తెల్ల చారలున్నాయి. ఉంచమంటారా, పీకేయమంటారా?" ఈసారి మా కుండీలోనే ఒక్క గింజకు రెండు మొలకలు వచ్చాయి. ఒకటి నిండు పచ్చ, రెండోది తెల్ల మరకలది. నిమ్మ గింజలో ఒకటికి మించి పిండాలుంటాయి కాబట్టి జంట మొలకలు రావడం వింతేమీ కాదు.

ముందు ఆ చారలు నిజమైనవేనా అని చూడండి. ఆకు మీద వెండి గీతలు వంకరటింకరగా పోతే అది పాముపొడ, అంటే ఆకు తొలిచే పురుగు పని. ఈనెలు పచ్చగా ఉండి, మధ్య భాగం నడి ఈనెకు రెండు వైపులా ఒకేలా పసుపెక్కితే ఇనుమో జింకో అందడం లేదు. మన ఒండ్రు మట్టిని అలాగే కుండీకి నింపితే నీళ్లు నిలిచి, వేళ్లకు గాలాడక కూడా ఆకులు పసుపెక్కుతాయి. అలాంటప్పుడు మందు కొనే ముందు కుండీ అడుగు చిల్లు చూడండి, మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపండి. పుట్టు చారలైతే ఆకు విచ్చుకునేటప్పుడే కనిపిస్తాయి. తెలుపో మీగడ రంగో, అంచులు స్పష్టంగా ఉంటాయి. పెద్ద మొక్కలో పసుపు, పచ్చ కలగలిసి మసక మచ్చలు వస్తే గ్రీనింగ్ తెగులేమోనని అనుమానించాలి. మాదీఫలం లేత చిగురు ఊదాగా ఉండటం మాత్రం దాని సహజ గుణం.

పూర్తిగా తెల్లగా వచ్చిన మొలక గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. గింజలో దాచుకున్న తిండి అయిపోయాక అది చచ్చిపోతుంది. గింజ తొక్క మీది ఒక రకం బూజు విషం వల్ల కూడా మొలకలు ఇలా తెల్లబడతాయి. అందుకే గుజ్జు పోయేలా కడిగి నాటండి.

ఇక అసలు పోటీ చారలదానికీ పచ్చదానికీ. నా లెక్కలో దీన్ని తేల్చేది ఒక్కటే, ఆకులో పచ్చదనం ఎంత ఉందన్నది. మొక్కకు అన్నం వండేది ఆ పచ్చదనమే. సగం ఆకు తెల్లగా ఉంటే సగం తిండే. గింజ నిమ్మ కాపుకు రావడానికే నాలుగైదేళ్లు పడుతుంది, చారలది ఇంకా వెనకబడుతుంది. రోహిణీ కార్తె ఎండకు తెల్ల భాగం ముందు మాడుతుంది. పైగా జంట మొలకల్లో బలమైనది చాలాసార్లు తల్లి పోలికే, కాయ కూడా అలాగే ఉంటుంది. కాబట్టి పెరట్లో నాటి కాయలు కోసుకోవాలంటే పచ్చదాన్నే ఉంచండి.

చారలదాన్ని పీకేయమని మాత్రం నేననను. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. 1930 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని బర్‌బాంక్‌లో ఒక మామూలు యురేకా నిమ్మ చెట్టుకు చారల కొమ్మ పుట్టింది. గులాబీ రంగు గుజ్జు ఉండే చారల నిమ్మ రకం దాన్నుంచే వచ్చింది. దాన్ని గింజతో కాదు, అంట్లతోనే పెంచుతున్నారు. మీ చారల మొలక కూడా అంతే. పెన్సిలంత లావయ్యాక దాని కొమ్మను పచ్చ మొక్క మీద అంటు కట్టించండి. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్లకు కొదవ లేదు. నిండు పచ్చ కొమ్మ వస్తే వెంటనే కత్తిరించాలి, లేదంటే అది చారల కొమ్మను మించిపోతుంది.

పంపర పనస గింజకు సాధారణంగా ఒకే పిండం, పిల్ల తల్లిలా రాదు. దానికి మొదటే అంటు మొక్క తెచ్చుకోండి.

మా జంటను నీళ్లు పోసి మెల్లగా విడదీశాను. పచ్చది వానలు పడ్డాక బావి పక్కకు వెళ్తుంది. చారలది తూర్పు అరుగు మీద, పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట ఉంది.