బీచ్ దగ్గర ఇల్లు, కారుకి అల్లాయ్ వీల్స్: మూడేళ్ల తర్వాత

మా స్విఫ్ట్ వీఎక్స్ఐకి కంపెనీ ఇచ్చిన 14 అంగుళాల ఇనప రిమ్ములు తీయించి, బయట కొన్న 15 అంగుళాల అల్లాయ్స్, అంటే అల్యూమినియం రిమ్ములు, వేయించి మూడేళ్లు దాటింది. కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ "రోడ్డు మీద పట్టు బాగుంటుంది, వేయించెయ్యండి" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, వాళ్ల ఇళ్లు సముద్రానికి ఎంత దూరమో ముందు అడగాల్సింది.

మాది విశాఖలో సముద్రం ఒడ్డునున్న లాసన్స్ బే కాలనీ. హుద్‌హుద్ తుఫాను తర్వాత మార్చిన కిటికీ గ్రిల్స్ కూడా ఎప్పుడో పెచ్చులూడాయి. ఇనుము సంగతి అలా తెలిసే, అల్యూమినియానికి తుప్పెక్కడిదిలే అనుకున్నాను. అమ్మినవాళ్లూ అదే చెప్పారు.

సైజు ఒక్కటి మాత్రం బుర్రపెట్టి ఎంచుకున్నా. టైర్లు పాతవి 165/80 ఆర్14, కొత్తవి 185/65 ఆర్15 (మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, చివరిది రిమ్ము అంగుళాలు). పై మోడల్ జెడ్ఎక్స్ఐకి కంపెనీయే ఇచ్చే సైజు అది. చక్రం మొత్తం ఎత్తులో తేడా 2 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరు అబద్ధం చెప్పదు, డిక్కీలో పాత స్టెప్నీ కూడా పనికొస్తుంది. కానీ హబ్ రంధ్రం, అంటే రిమ్ము మధ్యలో బండికి తగులుకునే రంధ్రం, సంగతి నాకు తట్టలేదు. స్విఫ్ట్‌ది 54.1 మిల్లీమీటర్లు, బయటి రిమ్ములది అంతకన్నా పెద్దది, మధ్యలో రింగు వేయాలి. వేయలేదు. ఆనందపురం దాటి 80 అందుకోగానే స్టీరింగ్ వణికేది. రెండుసార్లు బ్యాలెన్సింగ్‌కి (చక్రం సమంగా తిరిగేలా రిమ్ముకి చిన్న బరువులు తగిలించడానికి) డబ్బులు పోశాక గానీ రింగుల సంగతి తేలలేదు. అవి వేశాక వణుకు పోయింది.

అసలు తలనొప్పి రెండో ఏడాది మొదలైంది. డ్రైవర్ వైపు ముందు చక్రంలో గాలి నిలవడం లేదు. ఆదివారం 33 పాయింట్ల గాలి కొట్టిస్తే గురువారానికి 24. మద్దిలపాలెంలో చూపిస్తే మేకు లేదు, ముల్లు లేదు. వాల్వ్ పిన్ను మార్చారు. ఇంకో చోట నాజిల్ మొత్తం మార్చారు. మరొకాయన నైట్రోజన్ కొట్టించుకోమన్నాడు. కొట్టించాను. ఖరీదైన గాలి కూడా గురువారానికే పోయింది. మా ఆవిడ డిక్కీలో కూరగాయల సంచి పక్కన చిన్న పంపు చూసి "ఇంట్లో కుక్కర్‌కి గ్యాస్కెట్ మార్చమంటే మాత్రం తీరిక ఉండదు" అంది.

చివరికి ఇసకతోట దగ్గర ఒక ముసలాయన, పాత పంక్చర్ షాపు, చక్రం విప్పి నీళ్ల తొట్టెలో పడుకోబెట్టాడు. టైరు నడుమ ఎక్కడా ఏమీ లేదు. రిమ్ము అంచు చుట్టూ మాత్రం ఆవగింజంత బుడగలు, తీరిగ్గా, ఒకదాని వెనక ఒకటి. టైరు ఊడదీసి చూపించాడు. టైరు కూర్చునే చోట జానెడు మేర రంగు లేచిపోయి, తెల్లటి పొడి పేరుకుంది.

"పంక్చరేటీ నేదు బాబూ. ఉప్పుగాలి తినేసింది. ఇదిగో, ఇక్కడ సూడండి."

ఆయన వేలు పెట్టిన చోట బ్యాలెన్సింగ్ కోసం సుత్తితో కొట్టిన ఇనప క్లిప్పు బరువు గీత ఉంది. రంగు అక్కడ పగిలింది, తడీ ఉప్పూ ఆ సందులోంచి రంగు కిందకి పాకాయి. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదంతే, తెల్లగా పొంగుతుంది. పొంగిన చోట టైరు అంచు రిమ్ముకి సరిగా ఆనదు. గరుకు కాగితంతో రుద్ది, నల్లటి పేస్టు పూసి బిగించాడు. 33 పోస్తే నెల తర్వాత 31 ఉంది. వణుకు కోసం నేను పట్టుబట్టి చేయించిన బ్యాలెన్సింగే ఈ గీత పెట్టిందని తెలిసినప్పుడు మాత్రం ఎవర్ని తిట్టుకోవాలో అర్థం కాలేదు.

ఈ కథ మాంట్రియల్లో ఉన్న మా బావమరిదికి చెప్తే పడిపడి నవ్వాడు. క్విబెక్‌లో డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. వేడి 7 డిగ్రీల కన్నా కిందికి పడితే మామూలు టైరు రబ్బరు బిగుసుకుంటుంది, అందుకని మెత్తటి రబ్బరువి. చాలామంది వాటిని ఇనప రిమ్ముల మీదే ఉంచుతారట. మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు అల్లాయ్స్‌ని పాడుచేస్తుందని. "మాకు ఆ ఉప్పు నాలుగు నెలలే బావా, నీకు పన్నెండు నెలలూ" అన్నాడు. నేనేమో ఇనప రిమ్ములు నాలుగూ పాతసామాన్ల ధరకి ఇచ్చేశాను.

పట్టు గురించి అప్పట్లో గొప్పగా చెప్పాను కదా. వానలో అనంతగిరి ఘాట్ దిగుతుంటే మలుపుల్లో బండి నిలబడ్డ మాట నిజమే. కాకపోతే అది వెడల్పు టైర్ల చలవ, రిమ్ముల గొప్పేం లేదు. ఇదే సైజు ఇనప రిమ్ముల మీదా అలాగే ఉండేది. మైలేజీ లీటరుకి ఒకటి దాకా తగ్గింది, దానికి నా కాలు కూడా కొంత కారణం కావచ్చు.

అందం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. సముద్రానికి దూరంగా సింహాచలం వైపో పెందుర్తి వైపో ఇల్లుండి, కారు షెడ్డులో పెట్టుకునేవాళ్లయితే ఇంత గొడవ ఉండకపోవచ్చు. నాకులా సముద్రానికి ఎదురుగా, రోడ్డు మీద పార్కింగ్ అయితే ఇనప రిమ్ములు అమ్మకండి. వేయించుకునేటప్పుడు క్లిప్పు బరువులు వద్దని, లోపల అంటించే రకమే కావాలని నిలబడి చెప్పండి. పది రోజులకోసారి మామూలు నీళ్లతో కడగండి, ముఖ్యంగా లోపలి వైపు.

ఈ నెల ఎడమ వెనక చక్రం 28 చూపిస్తోంది. ఆదివారం ఇసకతోట వెళ్లాలి.