చూపు లేనివాళ్ల కోసం పరీక్షల యాప్ కొంటున్నారా? డెమో చూసి డబ్బు కట్టకండి

పోటీ పరీక్షల యాప్‌లో ఉచితంగా చూపించే పాఠాలు టాక్‌బ్యాక్‌తో (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయం) చక్కగా వినిపిస్తాయి. అసలు సంగతి డబ్బు కట్టాక తెరుచుకునే టెస్టుల్లో బయటపడుతుంది. చూపు లేని పిల్లలున్న ఇళ్లవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

మా తమ్ముడికి బొత్తిగా చూపు లేదు. విజయనగరంలోనే ఉండి బ్యాంకు క్లర్కు పరీక్షకు తయారవుతున్నాడు. టాక్‌బ్యాక్ పెట్టుకుని వాట్సాప్, వార్తలు, డబ్బు పంపడం అన్నీ తనే చేసుకుంటాడు. యాప్ కొనే ముందు అమ్మకాల వాళ్లను స్పష్టంగా అడిగాం, చూపు లేనివాళ్లకు పనిచేస్తుందా అని. "ఏ ఫోన్‌లోనైనా పనిచేస్తుంది మేడమ్" అన్నారు. ఆ మాట మీద ఏడాదికి 2,499 రూపాయలు కట్టాం.

మాక్ టెస్టు తెరిస్తే ప్రశ్న దగ్గర ఫోన్ "ఇమేజ్" అని ఆగిపోయింది. ప్రశ్నను అక్షరాల్లో టైపు చేయకుండా ఫొటో పెట్టేశారు. కింద ఉన్నవన్నీ "అన్‌లేబుల్డ్ బటన్", అంటే పేరు లేని బటన్. ఏది నెక్స్టో ఏది సబ్‌మిట్టో తెలిసే దారే లేదు. తమ్ముడు నొక్కింది సబ్‌మిట్ అయింది, టెస్టు సగంలోనే ముగిసింది. నాకు మరీ బాధ కలిగించింది టైమర్. అసలు పరీక్షలో అర్హత ఉన్న చూపు లేని అభ్యర్థులకు గంటకు 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. ఈ యాప్‌లో ఆ సమయం పెట్టుకునే వీలే లేదు. అలాంటప్పుడు వాడు దేనికి సాధన చేస్తున్నట్టు?

ఫోన్ చేస్తే ముందు "మీ ఫోన్‌లోనే ప్రాబ్లం" అన్నారు. అదే ఫోన్‌లో మిగతా యాప్‌లు చదువుతున్నాయని చూపించాక "రీఫండ్ పాలసీ లేదు" అన్నారు. ఇదేమంత పెద్ద పని కాదు. ప్రతి బటన్‌కు డెవలపర్ ఒక పేరు రాస్తే టాక్‌బ్యాక్ దాన్నే చదువుతుంది. ప్రశ్న టైపు చేసి ఉంటే చాలు, గ్రాఫులకైతే పక్కన అంకెల పట్టిక ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ సమాచారం వికలాంగులకు అందుబాటులో ఉండేలా చూడాలని 2016 వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇవన్నీ మెయిల్‌లో రాశాను, జవాబు లేదు.

మీరు కొనబోతుంటే డబ్బు కట్టే టెస్టుల్లో ఒక్కటైనా ముందు తెరిచి ఇమ్మని పట్టుబట్టండి. ఇవ్వకపోతే వదిలేయండి. టెస్టు వాడబోయే మనిషి చేతిలోనే ఫోన్ పెట్టండి. మనం చూస్తూ నొక్కితే ఏమీ తెలియదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే, వేలితో కుడికి జరిపినకొద్దీ ఒక్కొక్కటీ చదువుతుంది, రెండుసార్లు తట్టితే నొక్కినట్టు. ఐఫోన్‌లో అదే పని వాయిస్‌ఓవర్ చేస్తుంది. తెలుగు మీడియం టెస్టయితే ఫోన్‌లో తెలుగు వాయిస్ ముందే వేసుకోండి, లేకపోతే ఆ వంక వాళ్లకు దొరుకుతుంది. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, మిగిలిన సమయం, సబ్‌మిట్ అన్నీ వినిపించాలి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ వారి యాక్సెసిబిలిటీ స్కానర్ అనే యాప్ ఉచితం, పేరు లేని బటన్లను అదే పట్టి చూపిస్తుంది.

"చూపు లేనివాళ్లకు పనిచేస్తుంది" అన్న మాటను వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. తేడా వస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పడానికి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ రాతే పనికొస్తుంది. మేం 1915కు ఫిర్యాదు ఇచ్చాం.

బొబ్బిలి, రాజాం వైపు నుంచి రోజూ కోచింగ్‌కు రాలేని పిల్లలకు ఫోనే ఆధారం. తెలుగులో టెస్టులు సరిగ్గా చదివే యాప్ మీలో ఎవరైనా వాడి చూసి ఉంటే పేరు చెప్పండి. మా తమ్ముడి పరీక్ష దగ్గర పడుతోంది.