నిదానమైన యోగానా, చెమట పట్టించే యోగానా: ఏది మేలు?

మాదాపూర్, కొండాపూర్ వైపు యోగా స్టూడియోల బోర్డులు టిఫిన్ సెంటర్ మెనూలా ఉంటాయి: హఠ, అయ్యంగార్, అష్టాంగ, విన్యాస, పవర్. చాలామంది టైమింగ్, ఫీజు, ఇంటికి దూరం చూసి చేరిపోతారు. మన ట్రాఫిక్‌కి అది తప్పని కూడా అనలేం. కానీ రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మెడ, నడుం పట్టేసినవాళ్లు నేరుగా పవర్ యోగా బ్యాచ్‌లో దిగడం నాకు నచ్చదు.

అయ్యంగార్, అష్టాంగ పద్ధతులు రెండూ ఒకే చెట్టు కొమ్మలు. మైసూరులో యోగా గురువు కృష్ణమాచార్య దగ్గరే బి.కె.ఎస్. అయ్యంగార్, పట్టాభి జోయిస్ ఇద్దరూ నేర్చుకున్నారు. తర్వాత అయ్యంగార్ పుణెలో, జోయిస్ మైసూరులో ఎవరి దారి వాళ్లు వేసుకున్నారు. తేడా తెలియాలంటే త్రికోణాసనం ఒక్కటి చూడండి. అయ్యంగార్ క్లాసులో చెయ్యి నేలకి అందకపోతే కింద ఇటుకలాంటి బ్లాక్ పెడతారు. పాదం ఎటు తిరిగింది, మోకాలు బిగిసిందా, నడుం వంకర పోయిందా అని చూస్తూ అక్కడే నిలబెడతారు. అష్టాంగలో అదే ఆసనంలో ఐదు శ్వాసలు, వెంటనే తర్వాతది. ఆసనాల వరుస మారదు. విన్యాస, పవర్ యోగాలు దాని నుంచి పుట్టినవే. వాటిలో వరుస టీచర్ ఇష్టం.

వేగంగా చేసే క్లాసుల్లో చతురంగ దండాసనం (పుషప్‌లో కిందకి దిగి ఆగినట్టు ఉండే ఆసనం) మళ్లీ మళ్లీ వస్తుంది. భుజాల్లో బలం లేనివాళ్లు మోకాళ్లు నేలకి ఆనించి చేయాలి. పక్కవాళ్లని చూసి సిగ్గుపడి ఆనించరు, భుజమో మణికట్టో నొప్పి తెచ్చుకుంటారు. అష్టాంగ మొదటి సిరీస్‌లో ముందుకు వంగే ఆసనాలే ఎక్కువ కాబట్టి, డిస్క్ సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా చేరకూడదు. బీపీ ఎక్కువున్నవాళ్లు, గ్లాకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు ఏ పద్ధతిలోనైనా శీర్షాసనం జోలికి పోకపోవడమే మంచిది. షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు పరగడుపున వెళ్లేముందు అదీ డాక్టర్‌తో మాట్లాడుకోవాలి.

అలాగని నిదానమే అందరికీ మేలని కాదు. రోజూ జాగింగ్ చేసే పాతికేళ్ల కుర్రాడిని గోడకి ఆనుకుని కాళ్లు పైకి పెట్టి పడుకోమంటే రెండోవారం రాడు. అలాంటివాళ్లకి విన్యాసే సరి: చెమట పడుతుంది, ఊపిరి అందుకోవడం తెలుస్తుంది, బోర్ కొట్టదు. ఇక హాట్ యోగా అంటారా, బిక్రమ్ పద్ధతిలో సుమారు 40 డిగ్రీల గదిలో 90 నిమిషాలు, 26 భంగిమలు. మే నెలలో మన ఊళ్లో ఆ వేడికి ఫీజు కట్టాలా అన్నది మీ ఇష్టం.

లెవెల్స్ దగ్గరే అసలు చిక్కు. ఒక స్టూడియో ‘బిగినర్స్’ ఇంకో స్టూడియోలో ‘ఇంటర్మీడియట్’ కావచ్చు. మైసూర్ స్టైల్ అష్టాంగలో ఈ తలనొప్పి తక్కువ: ఒకే గదిలో ఎవరి వరుస వాళ్లు చేసుకుంటారు, ఒకటి కుదిరాకే టీచర్ తర్వాతది ఇస్తారు. అందరూ ఒకేసారి చేసే క్లాసులో అయితే బోర్డు మీది మాటని నమ్మకండి. ట్రయల్ క్లాసుకి వెళ్లి టీచర్‌ని గమనించండి. మైకులో చెప్పుకుంటూ పోతున్నారా, మనుషుల మధ్యకి వచ్చి సరిచేస్తున్నారా? క్లాసుకి ముందు పాత దెబ్బలు, ఆపరేషన్ల గురించి అడిగారా? అడగనివాళ్ల దగ్గర ఫీజు ఎంత తక్కువైనా నేను చేరను.

పార్కుల్లో పొద్దున్నే జరిగే ఉచిత బ్యాచ్‌లు సూర్య నమస్కారాలు, ప్రాణాయామం అలవాటు కావడానికి బాగుంటాయి. తోడు దొరుకుతుంది కాబట్టి రిటైరైనవాళ్లు మానేయరు కూడా. ఆన్‌లైన్ క్లాసులు ముందే కొంత నేర్చుకున్నవాళ్లకే. ఫోన్ కెమెరాలో మీ మోకాలు ఎటు తిరిగిందో టీచర్‌కి కనిపించదు.

నలభై దాటి కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా ఓటు అయ్యంగార్‌కే, లేదంటే చిన్న బ్యాచ్‌లో నిదానంగా నేర్పే హఠకి. కొన్ని నెలలయ్యాక, ఆసనంలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టకుండా ఉండగలిగితే విన్యాస ట్రయల్‌కి వెళ్లి చూడొచ్చు.