2021 నుంచి వాడుతున్న ఎస్‌ఎస్‌డీ డబ్బా: డబ్బాకు మంచి మార్కులు, కేబుల్‌కు ఇంకా ఎక్కువ

చెన్నై వడపళనిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. 2021లో ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్ ఒకటి, దాన్ని బిగించుకునే అల్యూమినియం డబ్బా ఒకటి విడివిడిగా కొన్నాను. ఆ డబ్బానే దుకాణాల్లో ఎన్‌క్లోజర్ అంటారు. అప్పటి నుంచి ప్రతి ముహూర్తానికీ నా బ్యాగులో ఉంది. ఇప్పటికీ బాగా పనిచేస్తోంది. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే కొంటాను.

కానీ మొదటి వారం దీన్ని వాపసు ఇచ్చేద్దామనుకున్నాను. 200 జీబీ ఫుటేజీ కాపీ పెడితే గంటన్నర పట్టింది. వేగం సెకనుకు 40 ఎంబీ దగ్గరే ఆగిపోయింది. పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టాను. దుకాణం ఆయనది నెల్లూరు. డబ్బా వైపు చూడనే లేదు, కేబుల్ చేతిలోకి తీసుకుని వేళ్లతో నలిపి చూశారు. "అబ్బాయా, ఇది ఫోన్ ఛార్జర్ తీగ కదా? మూతి చూసి నమ్మబాక" అన్నారు. నిజమే. డబ్బాతో వచ్చిన కేబుల్ జానెడే ఉందని దాన్ని పక్కన పడేసి, ఛార్జర్ కేబుల్ వాడుతున్నాను. రెండింటికీ ఉన్నది టైప్-సీ మూతే.

టైప్-సీ అంటే మూతి ఆకారం పేరు, అంతే. అందులో 24 పిన్నులకు చోటుంది. ఛార్జింగ్ కోసం చేసిన కేబుళ్లలో చాలావాటికి వేగంగా డేటా మోసే తీగలు అసలు ఉండవు. అవి 2000లో వచ్చిన యూఎస్‌బీ 2.0 వేగంతోనే పనిచేస్తాయి, అంటే సెకనుకు 480 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి లెక్క ప్రకారం 60 ఎంబీ, చేతికొచ్చేది 40 చిల్లర. అదే లాప్‌టాప్‌కి డబ్బాతో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టగానే వేగం సెకనుకు 900 ఎంబీ దాటింది. ఆ రోజే దానికి ఎర్ర దారం కట్టాను. ఛార్జర్ కేబుళ్లలో కలిసిపోకుండా ఇప్పటికీ ఆ దారం అలాగే ఉంది.

పేర్ల గొడవ కూడా చెప్పాలి, ఎందుకంటే కొనేవాళ్లు ఇక్కడే నష్టపోతున్నారు. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1, ఈ మూడూ ఒకటే: సెకనుకు 5 గిగాబిట్లు. అట్టపెట్టె మీద 3.2 అని పెద్దగా కనిపించినంత మాత్రాన వేగం పెరగదు. 10 గిగాబిట్లు కావాలంటే జెన్ 2 అని ఉండాలి. డబ్బా, కేబుల్, లాప్‌టాప్ పోర్టు, మూడూ ఆ వేగానివే అయి ఉండాలి. ఒక్కటి తక్కువదైనా మొత్తం ఆ వేగానికే దిగిపోతుంది.

1 టీబీ అని కొంటే విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. మోసమేమీ లేదు. కంపెనీ లక్ష కోట్ల బైట్లు ఇచ్చింది, విండోస్ వెయ్యికి బదులు 1024తో భాగిస్తుంది.

మా బావమరిది పాత లాప్‌టాప్ నుంచి తీసిన ఎం.2 కార్డు (సన్నటి పలక ఆకారంలో ఉండే ఎస్‌ఎస్‌డీ) ఈ డబ్బాలో పెడితే అసలు గుర్తుపట్టలేదు. పాడైందని పారేయబోయాడు. అది సాటా అనే పాత, నెమ్మది రకం, నా డబ్బా ఎన్‌వీఎంఈ రకానికే పనిచేస్తుంది. వెడల్పు 22, పొడవు 80 మిల్లీమీటర్లు, రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. సాటా వాటికి పిన్నులుండే అంచున సాధారణంగా రెండు గాట్లు ఉంటాయి, ఎన్‌వీఎంఈ వాటికి ఎక్కువగా ఒకటే. సాటా డబ్బాలో పెట్టగానే వాళ్ల పాప ఫొటోలన్నీ వచ్చాయి.

లోటు ఒకటుంది, వేడి. మే నెలలో ఏసీ లేని గదిలో పెద్ద కాపీ పెడితే పట్టుకోలేనంత కాలుతుంది, వేగం సగానికి పడిపోతుంది. ఫ్యాన్ కింద పెడితే కొంత నయం.

అసలు దెబ్బ 2023 మాఘమాసం పెళ్లిళ్లప్పుడు తగిలింది. ఫైళ్లు ఎక్కుతుండగా చెయ్యి తగిలి కేబుల్ ఊడింది. మళ్లీ పెడితే "ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. స్టూడియోలో మ్యాక్, నా దగ్గర విండోస్ కాబట్టి డిస్క్‌ని రెండింట్లోనూ రాయగలిగే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసి పెట్టుకున్నాను. మిగతా పద్ధతుల్లో ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా రాయదు. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ ఉండదు. అంటే మధ్యలో ఆగిన పని ఎంతవరకు వచ్చిందో రాసిపెట్టుకునే చిట్టా ఉండదు. కెమెరా కార్డులు ఇంకా చెరపలేదు కాబట్టి తలంబ్రాలు, తాళి కట్టడం అన్నీ దక్కాయి. పది రోజులు కూర్చుని చేసిన ఎడిటింగ్ మాత్రం పోయింది. ఆ అమ్మాయి తండ్రికి ఫోన్ చేసి ఇంకో రెండు వారాలు కావాలని చెప్పడానికి నోరు రాలేదు.

తప్పు డబ్బాది కాదు, ఒక్క కాపీతో తిరిగిన నాది. ఇప్పుడు ఇంట్లో 2 టీబీ మామూలు హార్డ్ డిస్క్ ఉంది, రోజూ రాత్రి పడుకునే ముందు అన్నీ దాంట్లోకి ఎక్కిస్తాను. నెమ్మదే, సెకనుకు నూరు ఎంబీ చిల్లర. అయినా పాత పెళ్లిళ్లు దాచడానికి నాకు అదే ఇష్టం. కరెంటు అందకుండా ఏళ్ల తరబడి పక్కన పడి ఉంటే ఎస్‌ఎస్‌డీలో డేటా చెదిరిపోయే ప్రమాదం ఉంది.

వీడియో పనివాళ్లు నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. కాగితాలు, ఫొటోలు దాచుకోవడానికే అయితే మామూలు హార్డ్ డిస్క్ చాలు, కొంటే రెండు కొనండి.